కృతి పాఠం ఎలా తేలుస్తారు? సంగీత శాస్త్ర పరిశోధనపై చర్చ

సంచాలకుడు: నమస్కారం. సంగీతంలో పరిశోధన అనగానే చాలామందికి కచేరీయే గుర్తొస్తుంది. ఈరోజు దాన్ని పక్కన పెట్టి, పాత కృతి ఒకటి చేతికొస్తే పరిశోధకులు ఏం చేస్తారో చూద్దాం. మేడమ్, మొదట ఏం చూస్తారు?

అధ్యాపకురాలు: సాహిత్యం చూస్తామండీ. తెలుగు కృతులు చాలావరకు తమిళనాట శిష్యపరంపరల్లో నిలిచాయి. తమిళ లిపిలో రాసుకున్న ప్రతులూ ఉన్నాయి. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. త వర్గమూ, ప వర్గమూ అంతే. 'పాద' రాసినా 'బాధ' రాసినా ఒకేలా కనిపిస్తాయి. మళ్లీ తెలుగులోకి ఎక్కించేవారు అర్థం చూసుకోకపోతే స్వామి పాదాలు కాస్తా బాధలైపోతాయి.

సంచాలకుడు: ఏది సరైన పాఠమో ఎలా తెలుస్తుంది?

అధ్యాపకురాలు: ప్రాస కొంత పట్టిస్తుంది. సాహిత్యపు పంక్తుల్లో రెండో అక్షరం వరసగా కలుస్తూ ఒకచోటే తప్పితే అక్కడ అనుమానించాలి. అలాగని వెంటనే దిద్దేయకూడదు. ప్రాస కుదిరే మాట మనమే పెడితే అది మన రచన అవుతుంది. ఇంకో ప్రతిలో ఆధారం దొరికితే మార్చాలి, లేదంటే పాఠాంతరంగా అడుగున చూపించాలి.

విశ్లేషకుడు: ఆ ఇంకో ప్రతి నిజంగా వేరేదో కాదో కూడా చూడాలి. ఒకే గురువు దగ్గర రాసుకున్న మూడు నోటుపుస్తకాలు మూడు సాక్ష్యాలు కావు, ఒకటే.

సంచాలకుడు: స్వరాల సంగతేంటి?

అధ్యాపకురాలు: 1904లో తమిళనాట ఎట్టయపురంలో అచ్చయిన సుబ్బరామ దీక్షితులవారి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని', అంటే కృతులను స్వరాలతో ఇచ్చిన గ్రంథం, ఇప్పటికీ పెద్ద ఆధారం. అచ్చయింది తెలుగు లిపిలోనే. అందులో హ్రస్వ స్వరం కన్నా దీర్ఘ స్వరం రెండింతలు. గమకాలకు, అంటే స్వరాన్ని ఊపే కంపితానికీ, నొక్కి పలికే నొక్కుకూ, జార్చే జారుకూ వేర్వేరు గుర్తులున్నాయి. విద్యార్థులు తరచూ ఆ గుర్తులు వదిలేసి స్వరాలు మాత్రం ఎత్తి రాసుకుంటారు. అప్పుడు మిగిలేది ఎముకల గూడే. ఇంకో తప్పు మేళాలది, అంటే రాగాలను వర్గీకరించే 72 మూల రాగాల పట్టికది. ఆ పుస్తకంలోది అసంపూర్ణ మేళ పద్ధతి, అంటే మూల రాగంలో ఏడు స్వరాలూ వరసగా ఉండాలన్న నియమం లేనిది; 22వ మేళం దగ్గర శ్రీరాగం ఉంటుంది. ఇప్పటి పట్టికలో 22వదైన ఖరహరప్రియ అనుకుని చదివితే విశ్లేషణ మొదటి పేజీలోనే దారి తప్పుతుంది.

సంచాలకుడు: సార్, రికార్డింగులుంటే ఈ గొడవంతా తప్పుతుందా?

విశ్లేషకుడు: కొత్త గొడవ మొదలవుతుందండీ! పేరుకు 78 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 78 చుట్లు గానీ, తొలినాళ్ల డిస్కుల వేగం కచ్చితంగా అంతే ఉండేది కాదు. 78లో రికార్డయినదాన్ని 80లో తిప్పితే శ్రుతి సుమారు 44 సెంట్లు (ఒక స్థాయిలో 1200 సెంట్లు), అంటే దాదాపు పావు స్వరం పెరుగుతుంది. షడ్జం (స) నుంచి లెక్కేసే స్వరాంతరాలు మాత్రం మారవు, అన్నీ కలిసే పైకెళ్తాయి. అందుకే ఆ గాయకుడి శ్రుతి ఇంత, కంపితం సెకనుకు ఇన్నిసార్లు అని పాత డిస్కు నుంచి ధీమాగా చెప్పకూడదు.

సంచాలకుడు: కొలత ఎలా తీస్తారు?

విశ్లేషకుడు: ధ్వనిని విశ్లేషించే ప్రాట్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ముందు షడ్జం ఎన్ని హెర్ట్జ్‌లో తేల్చుకోవాలి. తర్వాత శ్రుతి గ్రాఫులో ప్రతి బిందువు హెర్ట్జ్‌నూ ఆ షడ్జంతో భాగించి, రెండు ఆధారంగా లాగరిథమ్ తీసి, 1200తో గుణిస్తే సెంట్లు వస్తాయి. సాఫ్ట్‌వేర్ ఎన్ని హెర్ట్జ్ వరకు వెతకాలో చెప్పే పైహద్దు దగ్గర జాగ్రత్త. అయిదున్నర శ్రుతి గాయనికి షడ్జం సుమారు 208 హెర్ట్జ్, తారస్థాయి పంచమం 623. పైహద్దు 500 దగ్గర వదిలేస్తే ఆ పంచమం గ్రాఫులో మాయమవుతుంది, లేదా ఒక స్థాయి కిందికి పడుతుంది. పాట ఆగిన చోట యంత్రం తంబురానో వయొలిన్‌నో పట్టుకుంటుంది. ఆ ముక్కలు చేత్తో తీసేయకపోతే షడ్జ పంచమాల లెక్క అబద్ధంగా ఉబ్బుతుంది.

అధ్యాపకురాలు: తోడి రాగంలో గాంధారం (గ) సంగతి కూడా చెప్పండి.

విశ్లేషకుడు: ఆ, అది బాగా ఇరికిస్తుంది. గమకంతో పాడినప్పుడు ఆ గాంధారం రిషభం వైపు, మధ్యమం వైపు ఊగుతూనే ఉంటుంది. సగటు తీస్తే 300 సెంట్ల దగ్గర ఏదో అంకె రావచ్చు. గాయకుడు ఆ చోట ఆగనే లేదు! సగటు బదులు ఊపు ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగిందో గీత గీసి చూపాలి.

సంచాలకుడు: ఎంపీ3 ఫైళ్లు పనికొస్తాయా?

విశ్లేషకుడు: మరీ కుదించనివైతే శ్రుతి కొలతకు పనికొస్తాయి. డిస్కును ఏ వేగంలో తిప్పి ఎక్కించారో ఫైలుతోపాటు రాసి ఉంచకపోవడమే అసలు తలనొప్పి.