టీవీ మీద కప్పే లేసు గుడ్డ మ్యూజియంలోకి ఎలా వెళ్ళింది?

[కెమెరా ముందు. బల్ల మీద ఉన్ని ఉండ, క్రోషే సూది, ఒక పచ్చి అప్పడం.]

క్రోషే ఆర్ట్ గురించి ఎప్పుడు ఏం పెట్టినా కింద ఒకటే కామెంట్: "మా అమ్మమ్మ టీవీ మీద కప్పేది కూడా ఇదేగా?" దానికి ఇంకొకరి జవాబు: "సైజు పెంచి మ్యూజియంలో పెడితే ఆర్ట్ అయిపోద్ది బ్రో." మొదటిదానికి నేనేం అనుకోను, నిజమే కాబట్టి. ఆ రెండోది చదివితేనే ఒళ్ళు మండుతుంది.

సైజుకీ దీనికీ సంబంధం లేదు. సంగతంతా అల్లికలోనే ఉంది. సూది పట్టుకోవడం, గొలుసు వేయడం నేను చెప్పను. మీకు రాకపోతే మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఎవరికో వచ్చే ఉంటుంది.

స్వెటర్ అల్లేటప్పుడు వరసలో వంద కుట్లుంటే ఆ వంద లూపులూ సూది మీదే ఉంటాయి. ఒకటి జారిందా, కిందిదాకా నిచ్చెనలా విడిపోతుంది. క్రోషేలో అలా కాదు. ఒక కుట్టు పూర్తయ్యాక సూది మీద మిగిలేది ఒక్క లూపే. కాబట్టి ఆ ఒక్కదాన్ని పట్టుకుని ఎటైనా పోవచ్చు. పక్కకి, పైకి, వెనక్కి... ఎప్పుడో అల్లేసిన చోటికి తిరిగొచ్చి అక్కడి నుంచి కొత్త కొమ్మ వేయొచ్చు. కత్తెరతో పని లేదు, మిషన్ కుట్టుతో పని లేదు. బట్టా ఆకారమూ ఒకేసారి తయారవుతాయి. శిల్పులకు ఇంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు అప్పడం. అవును, అప్పడమే.

[అప్పడం చేతిలోకి తీసుకుని]

కాగిన నూనెలో వేయగానే అంచు గబగబా పొంగుతుంది, నడిమి భాగం కాస్త వెనకబడుతుంది. పెరిగిన అంచుకి ఉన్న చోటు చాలదు. ఇంకేం చేస్తుంది? పైకీ కిందకీ వంకర్లు పోతుంది. అందుకే గరిటెతో నొక్కిపెడతాం.

క్రోషేలో ఆ గరిటె పని చేసేది కుట్ల లెక్క. గుండ్రంగా, పొట్టి కుట్టుతో అల్లుతున్నామనుకోండి. మొదటి వరస 6 కుట్లు. తర్వాత ప్రతి వరసకీ 6 చొప్పున కలుపుకుంటూ పోతే 12, 18, 24... ఎనిమిదో వరసకి 48. బల్ల మీద చదునుగా కూర్చుంటుంది. అంటే గరిటె కింది అప్పడం. అంతకన్నా తక్కువ కలిపితే లోపలికి ముడుచుకుని టోపీ అవుతుంది. ఇప్పుడు గరిటె తీసేద్దాం. ప్రతి కుట్టులోనూ రెండేసి కుట్లు వేయండి. 6, 12, 24, 48, 96, 192, 384. ఎనిమిదో వరసకి 768! 48 పట్టే చోట 768 కుట్లు ఒకదాన్నొకటి తోసుకుంటుంటే ఆ అంచు ఎన్ని మడతలు పడాలో చూడండి.

[క్లోజప్: మడతలు మడతలుగా ముడుచుకున్న ఎర్ర ఉన్ని ముక్క. వేలితో ఒక మడత విప్పితే పక్కది పైకి లేస్తుంది.]

చదునుగా చేద్దామని ఎంత నొక్కినా లాభం లేదు. ఒకవైపు అణిస్తే ఇంకోవైపు లేస్తుంది.

గణితంలో దీన్ని హైపర్బోలిక్ తలం అంటారు. 19వ శతాబ్దంలో లొబచెవ్‌స్కీ, బోయాయ్ అనే గణిత శాస్త్రవేత్తలు దీని జ్యామితి కట్టారు. కానీ చేత్తో పట్టుకుని చూడటానికి సరైన నమూనా ఉండేది కాదు. కాగితం ముక్కలు అతికించి చేస్తే నాలుగుసార్లు ముట్టుకునేసరికి చిరిగేవి. 1997లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో డైనా టైమినా అనే లాత్వియా గణిత శాస్త్రవేత్త క్రోషే సూది అందుకున్నారు. ఇన్ని కుట్లకి ఒకటి అదనం. ఈ ఒక్క నియమం, మొదటి నుంచి చివరిదాకా మార్చకుండా. అప్పడం గణితం క్లాసులోకి వచ్చేసింది. (గణితం మాస్టార్లు క్షమించాలి.)

అక్కడి నుంచి ఆర్ట్‌లోకి తెచ్చింది మార్గరెట్, క్రిస్టీన్ వర్థైమ్ అనే కవల అక్కచెల్లెళ్ళు. పుట్టిపెరిగింది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో. గ్రేట్ బారియర్ రీఫ్ అనే పెద్ద పగడపు దిబ్బ ఉన్నది ఆ తీరంలోనే. 2005లో లాస్ ఏంజెలస్‌లో క్రోషేతో పగడపు దిబ్బ అల్లడం మొదలుపెట్టారు. నియమం ప్రకారం అల్లినంతకాలం ముక్కలు మరీ బుద్ధిగా, క్లాసులో చూపించే నమూనాల్లాగే వచ్చాయి. క్రిస్టీన్ నియమం తప్పడం మొదలుపెట్టాక కథ మారింది. ఇక్కడ ఎక్కువ కుట్లు, అక్కడ తక్కువ, మధ్యలో ఇంకో రకం నూలు. అప్పుడు అవి సముద్రంలో పెరిగిన ప్రాణుల్లా కనిపించాయి. అసలు పగడాలకీ ఆ మడతలు ఊరికే రావు. ఉపరితలం ఎంత పెరిగితే నీళ్ళలోంచి అంత ఆహారం పట్టుకోవచ్చు. నన్నడిగితే ఆర్ట్ మొదలైంది మ్యూజియం గుమ్మం దగ్గర కాదు, ఆ నియమం తప్పిన చోట. అప్పడం కూడా రెండోది మొదటిదానిలా వేగదు కదా.

ఇక రంగులన్నీ తీసేసి తెల్ల నూలుతో అల్లితే, సముద్రం వేడెక్కి పాలిపోయిన పగడం. నూలు బదులు ప్లాస్టిక్ సంచులు, పాత వీడియో టేపు అల్లితే, చెత్త పేరుకున్న సముద్రం. ఏం వాడారన్నదే సగం కథ చెప్పేస్తుంది. 2019లో ఈ క్రోషే దిబ్బ ఇటలీలో జరిగే పెద్ద ఆర్ట్ ప్రదర్శన వెనిస్ బినాలేకి వెళ్ళింది. 2022లో జర్మనీలోని బాడెన్-బాడెన్ ప్రదర్శనకైతే దాదాపు 4 వేల మంది కలిసి 40 వేల దాకా పగడాలు అల్లి పంపారు.

ఇక్కడే మన నరసాపురం గుర్తుకు రావాలి. పశ్చిమ గోదావరిలో మిషనరీల కాలం నుంచి లేసు అల్లుతున్నారు. ఒకరు పువ్వులు అల్లితే ఇంకొకరు వాటిని కలిపే అతుకుపని చేస్తారు. గుడ్డ విదేశాలకి వెళ్ళిపోతుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడికి వచ్చి పరిశోధించి, 1982లో అచ్చేసిన మాట ఏమిటంటే, వీళ్ళని ఎవరూ కార్మికులుగా లెక్కపెట్టలేదు. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళు, తీరిక దొరికినప్పుడు ఏదో అల్లుకుంటున్నారు, అంతే! రోజంతా అల్లినా అది తీరికే. 2024లో ఈ లేసుకి జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకు అని చెప్పే గుర్తింపు) వచ్చింది, సంతోషం. కానీ అది ఊరికి వచ్చిన పేరు. అల్లినవాళ్ళ పేరు గుడ్డ మీద ఇప్పటికీ ఉండదు. పగడపు దిబ్బ ప్రదర్శనలో మాత్రం అల్లినవాళ్ళ పేర్లు కూడా రాసిపెడతారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. ఇద్దరి చేతిలోనూ ఉన్నది అదే సూది, అదే లూపు.

టైమ్ అయిపోతోంది, మిగతావి పరుగెత్తిద్దాం.

[స్క్రీన్ మీద వరసగా ఫోటోలు]

1972, లాస్ ఏంజెలస్. ఫెయిత్ వైల్డింగ్ అనే ఆర్టిస్ట్ ఒక గది నిండా సాలెగూడులా క్రోషే అల్లారు. ఇంటిపని, ఆడవాళ్ళు అన్న గొడవ మీద జరిగిన ప్రదర్శన అది. పోర్చుగల్ నుంచి జోవానా వాస్కొన్సెలోస్. పింగాణీ జంతువుల బొమ్మలకి ఒంటికి అతుక్కునేలా లేసు తొడుగుతారు. అది అలంకారమా, వలా? నాకైతే వలలాగే అనిపిస్తుంది. 2012లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ ప్యాలెస్‌లో ప్రదర్శన పెట్టిన మొదటి మహిళ ఆవిడే. జపాన్ నుంచి తొషికో హొరియుచి మెక్ఆడమ్. గ్యాలరీలో వేలాడదీసిన అల్లిక మీదకి పిల్లలు ఎక్కేశారు. ఆవిడ కోప్పడలేదు, ఆ తర్వాత పిల్లలు ఎక్కి గెంతడానికే నైలాన్‌తో అల్లడం మొదలుపెట్టారు. హకోనె ఓపెన్ ఎయిర్ మ్యూజియంలో ఒకటుంది. బ్రెజిల్ ఆర్టిస్ట్ ఎర్నెస్టో నెటో గురించి ఇంకో వీడియో చేస్తా, ఆయన్ని రెండు ముక్కల్లో చెప్పలేను.

ఇందాకటి 768 లెక్క ఇంట్లో ప్రయత్నిస్తామంటే సన్న లేసు దారం వద్దు, లావు ఉన్నీ, లావు సూదీ తీసుకోండి. ఆరో వరసలో ఆపేసినా మడతలు బాగానే తెలుస్తాయి. ఎనిమిదో వరసకి వెళ్తే మాత్రం ఉన్ని ఉండలు కాస్త ఎక్కువే తెచ్చి పెట్టుకోండి.