ఒకే మాట, మూడు ఇనుములు: సీసా నుంచి సముద్రానికి, సముద్రం నుంచి మోడల్‌కు

[దృశ్యం: దక్షిణ సముద్రం, ఎత్తైన అలలు, దూరంగా ఒక పరిశోధన నౌక]

వ్యాఖ్యానం: 2009 తొలి నెలల్లో పోలార్‌స్టెర్న్ అనే జర్మన్ నౌకపై భారతీయ, జర్మన్ శాస్త్రవేత్తలు దక్షిణ అట్లాంటిక్‌కు వెళ్లి, దాదాపు 300 చదరపు కిలోమీటర్ల మేర నీటిలో ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం కలిపి, ఆ నీటిని వారాల తరబడి వెంబడించారు. ఆ ప్రయోగం పేరు లోహాఫెక్స్. అందులోని ‘లోహా’ హిందీ మాట. దానికి ఇనుమని అర్థం. మనకైతే రాగి, బంగారం కూడా లోహాలే. మాటల విషయంలో ఇది చిన్న తేడా. కానీ సముద్రంలో జీవులకూ రసాయనాలకూ ఉన్న సంబంధాన్ని చదివే జీవభూరసాయన శాస్త్రంలో ‘ఇనుము’ అన్నప్పుడు ప్రయోగశాల ఒకదాన్ని, నౌక మరొకదాన్ని, సముద్రాన్ని సమీకరణాలతో అనుకరించే కంప్యూటర్ మోడల్ ఇంకొకదాన్ని ఉద్దేశించడం చిన్న తేడా కాదు.

[దృశ్యం: వరుసగా పేర్చిన పారదర్శకమైన సీసాలు]

వ్యాఖ్యానం: కథ సీసాతో మొదలవుతుంది. అలాస్కా సింధుశాఖలో నైట్రేట్ అనే పోషకం పుష్కలంగా ఉన్నా వృక్షప్లవకాలు, అంటే నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు, పలుచగా ఎందుకుంటాయన్నది చాలాకాలం తేలలేదు. ఇనుము కొరతే కారణమా అని చూడాలంటే ముందు దాన్ని కొలవాలి. ఇనుమును ఇక్కడ నానోమోల్ అనే అతి చిన్న ప్రమాణంలో లెక్కిస్తారు: లీటరు నీటిలో 1 నానోమోల్ ఇనుమంటే, పది లక్షల టన్నుల నీటిలో 56 గ్రాములు. ఇటువంటి సముద్రాల పైపొరలో అంత కూడా సాధారణంగా ఉండదు. ఇనుప నౌక నుంచి, ఇనుప తీగ మీద దించిన పాత్రతో నీరు తోడితే కొలిచేది సముద్రాన్నా, నౌక తుప్పునా? కాలిఫోర్నియాకు చెందిన జాన్ మార్టిన్ బృందం కాలుష్యం సోకకుండా నీరు సేకరించి, కొన్ని సీసాల్లో కొద్దిపాటి ఇనుము కలిపి, వాటిలో ప్లవకాలు ఎక్కువగా పెరిగాయని 1988లో ప్రకటించింది.

ఇటువంటి ప్రయోగాల నుంచి మోడల్‌కు అందే ముఖ్యమైన అంకె ఒకటుంది: పెరుగుదల వేగం గరిష్ఠంలో సగానికి చేరడానికి ఎంత ఇనుము కావాలి అనేది. ఈ అంకెను సమీకరణంలో పెట్టగానే, ఇనుము తక్కువైన చోట పెరుగుదల మందగించే సముద్రం తెరపై కనిపిస్తుంది. అయితే సీసాలో నీరు కిందికి దిగిపోదు, వృక్షప్లవకాలను తినే పెద్ద జంతుప్లవకాలు వచ్చి మేయవు, వెలుతురు కూడా మనం పెట్టినట్టే ఉంటుంది.

[దృశ్యం: పటంలో గాలాపగోస్ దీవులు, తర్వాత దక్షిణ అట్లాంటిక్]

వ్యాఖ్యానం: అందుకే 1993 అక్టోబరులో పసిఫిక్ మహాసముద్రంలోని గాలాపగోస్ దీవుల దక్షిణాన 64 చదరపు కిలోమీటర్ల నీటిలో ఇనుము కలిపారు. దీని కోసం పట్టుబట్టిన మార్టిన్ అంతకు కొద్ది నెలల ముందే మరణించారు. ప్లవకాలు స్పందించాయి గానీ, కొద్ది రోజుల్లోనే ఉప్పుశాతం తక్కువైన నీరు పైకి వచ్చి, ఇనుము కలిపిన నీరు దాని కిందికి జారిపోయింది. ఏ సీసా కూడా ముందుగా చెప్పలేని సంగతి ఇది. 1995లో అదే ప్రాంతంలో ఇనుమును విడతలుగా కలిపినప్పుడు ప్లవకాలు విరివిగా పెరిగాయి.

లోహాఫెక్స్ నేర్పిన పాఠం మరోరకంది. అక్కడి పైనీటిలో సిలికా చాలా తక్కువ కావడంతో, సిలికాతో గాజులాంటి కవచం కట్టుకునే డయాటమ్‌లనే ప్లవకాలు పెరగలేదు. పెరిగిన మెత్తని చిన్న ప్లవకాలను కోపెపాడ్‌లనే చిన్న జంతుప్లవకాలు మేశాయి. దాంతో ప్లవకాలు పీల్చుకుని, మునిగినప్పుడు లోతుకు మోసుకెళ్లే కర్బనం పెద్దగా హెచ్చలేదు. నా దృష్టిలో మోడల్ కట్టేవారికి ఈ ‘వైఫల్యం’ విజయవంతమైన ప్రయోగం కన్నా విలువైనది. ఇనుము ఒక్కటే ఉన్న సమీకరణం ఇక్కడ తప్పుతుంది. సిలికా, ప్లవకాల రకాలు, మేత అన్నీ అందులో ఉంటేనే ఈ ఫలితం వస్తుంది.

[దృశ్యం: గడులుగా విభజించిన భూగోళం]

వ్యాఖ్యానం: కొలతల పరిమాణమూ చూడాలి. సముద్రాన్ని 1 డిగ్రీ గడులుగా విభజించి లెక్కించే మోడల్‌లో, లోహాఫెక్స్ జరిగిన అక్షాంశాల వద్ద ఒక్కో గడి దాదాపు 8,000 చదరపు కిలోమీటర్లుంటుంది. అంటే ఆ ప్రయోగమంతా ఒక గడిలో ఒక మూలకు సరిపోతుంది.

ఇక అసలు చిక్కు. ప్రయోగశాలలో ప్లవకాలను పెంచే ద్రావణానికి, ఇనుమును పట్టి ఉంచే ఇ.డి.టి.ఎ. వంటి పదార్థం కలిపి, దేనికీ బంధించబడని స్వేచ్ఛా ఇనుమును లెక్కగట్టి, పెరుగుదలను దానితో పోలుస్తారు. నౌక మీద సన్నని వడపోత దాటి వచ్చిన ఇనుమంతటినీ ‘కరిగిన ఇనుము’గా కొలుస్తారు, అందులో 99 శాతానికి పైగా లిగాండ్లనే సేంద్రియ అణువులను పట్టుకుని ఉంటుంది. చాలా మోడల్‌లలో పెరుగుదలను నిర్ణయించేది ఈ కరిగిన ఇనుమే. సీసాలో దొరికిన అంకెను మార్పు లేకుండా అక్కడ పెడితే, తులాల్లో తూచినదాన్ని మణుగుల లెక్కలో రాసినట్టే.

2016లో 13 ప్రపంచ స్థాయి మోడల్‌లను సముద్రంలోని సూక్ష్మ మూలకాలను కొలిచే అంతర్జాతీయ కార్యక్రమం జియోట్రేసెస్ నౌకాయాత్రల కొలతలతో పోల్చినప్పుడు, సముద్రంలో ఇనుము సగటున ఎంతకాలం నిలుస్తుందన్న లెక్కలోనే అవి కొన్నేళ్ల నుంచి కొన్ని శతాబ్దాల దాకా తేడా చూపాయి. ఇనుము ఎంత వచ్చి చేరుతుంది, ఎంత వేగంగా తొలగిపోతుందన్న ఊహలు ఒక్కో మోడల్‌లో ఒక్కోలా ఉన్నాయి. ఒకటి ఎక్కువగా పోసి ఎక్కువగా తీసేస్తే, మరొకటి తక్కువ పోసి తక్కువ తీస్తుంది; పైనీటి గాఢత రెండింటిలోనూ ఇంచుమించు ఒకటే కావచ్చు. కాబట్టి పైనీటి కొలతతో సరిపోలినంత మాత్రాన మోడల్ సరైనదని చెప్పలేం.

[దృశ్యం: నీటి పొరల కోత, లోతుతోపాటు మారే చుక్కల సాంద్రత]

వ్యాఖ్యానం: అనేక మోడల్‌లు లిగాండ్ల గాఢతను సముద్రమంతటా ఒకే అంకెగా, లీటరుకు 1 నానోమోల్ వంటిదిగా తీసుకునేవి. నౌకల కొలతల్లో అది చోటును బట్టి, లోతును బట్టి మారుతోంది. అందువల్ల లిగాండ్లు ఎక్కడ పుడతాయో, సూక్ష్మజీవులు, వెలుతురు వాటిని ఎలా విడగొడతాయో లెక్కించి, వాటి గాఢతను చోటుచోటుకూ మారే ఒక ప్రత్యేక చలరాశిగా తీసుకునే మోడల్‌లు ఇప్పుడు వస్తున్నాయి. వాటికి కావలసిన విఘటన వేగాల కోసం పరిశోధకులు మళ్లీ సీసాల దగ్గరికే వెళుతున్నారు.