చేతికి తెలిసిన కెమెరా

అందరికీ నమస్కారం.

ఈ బల్ల మీద మూడు కెమెరాలున్నాయి. వాటి సంగతి వరసగా చెబుతాను. అంతకంటే ముందు, నేను తీయలేకపోయిన ఒక ఫోటో గురించి చెప్పనివ్వండి.

వాన అప్పుడే వెలిసింది. మెట్ల మీద ఐదారేళ్ళ పాప నిలబడి, కింద నిలిచిన నీళ్ళలోకి దూకాలా వద్దా అని తేల్చుకోలేకపోతోంది. ఒక కాలు ముందుకు చాపుతుంది, మళ్ళీ వెనక్కి లాక్కుంటుంది. వాళ్ళమ్మ లోపల ఉన్నట్టుంది, మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తోంది. నేను కెమెరా కంటికి ఆనించుకుని ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. దూకింది. నొక్కాను. కెమెరా ముందున్న ఎర్ర లైటు టిక్కు టిక్కుమంటూ వెలిగి ఆరడం మొదలెట్టింది. సెల్ఫ్ టైమర్! సంచిలోంచి తీసేటప్పుడు ఏ వేలు ఏ బటన్‌కి తగిలిందో ఏమో. పది సెకన్ల తర్వాత కెమెరా ఎంతో బాధ్యతగా ఫోటో తీసింది. ఖాళీ మెట్టు, బురదగా మారిన నీళ్ళు, ఫ్రేము అంచున పరిగెత్తిపోతున్న ఒక పాదం. ఫోకస్ మాత్రం బ్రహ్మాండంగా కుదిరింది.

ఆ కెమెరా ఇదిగో, ఈ చివర ఉన్నది. కంపెనీ పేరు చెప్పను. పేరు మీద నల్ల టేపు అతికించాను కూడా. ఫ్రెంచి ఫోటోగ్రాఫరు హెన్రీ కార్టియె బ్రెసోఁ తన లైకా కెమెరా మీద మెరిసే భాగాలకి నల్ల టేపు వేసుకునేవాడు, ఎదుటివాళ్ళ కంట పడకూడదని. నాది పరువు కోసం.

ఈ కెమెరా తీసే ఫోటోలకి వంక పెట్టలేను. రంగులు బాగుంటాయి, చీకట్లోనూ బాగా తీస్తుంది. మనం కెమెరా కొనేముందు అడిగేవన్నీ ఇవే కదా: మెగాపిక్సెల్స్ ఎన్ని, చీకట్లో నాయిస్ (ఫోటోలో పడే గరుకు చుక్కలు) ఎంత, సెకనుకి ఎన్ని ఫ్రేములు. ఇవన్నీ బటన్ నొక్కాక తేలే సంగతులు. నొక్కేముందు జరిగేదాని గురించి ఎవరూ అడగరు. నేనైతే ఇప్పుడు ఏ కెమెరా చేతికొచ్చినా ఒక్కటే లెక్కపెట్టుకుంటాను. ఒక ఫోటో తీసేలోపు నా కన్ను ఎదుటి మనిషిని వదిలిపెట్టి ఎన్నిసార్లు కెమెరా మీదికి వచ్చింది?

పాతకాలం స్టాండు కెమెరాని ఈ లెక్కలో చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డ కింద దూరి, వెనకున్న గాజు మీద తలకిందులుగా పడే బొమ్మ చూసి ఫోకస్ చేసుకుంటాడు. తర్వాత అక్కడ ఫోటో పడే ప్లేటు పెట్టాలి. పెట్టాక ఇక బొమ్మ కనపడదు. కాబట్టి గుడ్డలోంచి బయటికొచ్చి, కెమెరా పక్కన నిలబడి, ఎదురుగా కూర్చున్న మనిషిని మామూలు కళ్ళతో చూస్తూ షట్టర్, అంటే వెలుతురుని లోపలికి వదిలే తలుపు, విడుస్తాడు. అంత బరువు, అంత తతంగం ఉన్న కెమెరాలో అసలు క్షణాన మనిషికీ మనిషికీ మధ్య అడ్డేమీ ఉండదు.

1888లో జార్జ్ ఈస్ట్‌మన్ మొదటి కొడాక్ కెమెరా అమ్మకానికి పెట్టినప్పుడు "బటన్ మీరు నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. ప్రకటనలో బటన్ ఒక్కటే. చేతికి మాత్రం మూడు పనులు: దారం లాగి షట్టర్ సిద్ధం చేయాలి, బటన్ నొక్కాలి, తాళంచెవి లాంటిది తిప్పి ఫిల్ము జరపాలి. దానికి వ్యూఫైండరే, అంటే కన్ను పెట్టి చూసే కిటికీయే, లేదు. పెట్టె పైన 'వి' ఆకారంలో రెండు గీతలుంటాయి, వాటిని చూసి గురి చూసుకోవడమే. ఫోటోలు గుండ్రంగా వచ్చేవి. కెమెరా కాస్త వంకరగా పట్టుకున్నా తెలియకుండా ఉండటం దానికి ఒక కారణం. ఒక రీలులో 100 ఫోటోలు. అయిపోయాక కెమెరాని కెమెరాగానే ఫ్యాక్టరీకి పంపాలి.

సరే, బల్ల దగ్గరికి వద్దాం.

మొదటిది ఒలింపస్ ఓఎమ్-1. 1972లో వచ్చింది, యోషిహిసా మైతానీ డిజైన్. దీన్ని చూడగానే అందరూ ఇంత చిన్నదా అంటారు. చిన్నదవడం కంటే నాకు నచ్చేది ఇంకొకటుంది. షట్టర్ ఎంతసేపు తెరుచుకోవాలో చెప్పేది షట్టర్ స్పీడ్ డయల్. అప్పటి కెమెరాల్లో అది సాధారణంగా పైన, కుడిచేతి వైపు ఉండేది. మైతానీ దాన్ని లెన్స్ మొదట్లో, కెమెరా ఒంటికి ఆనుకుని ఉండే రింగుగా మార్చాడు. దాని ముందు ఫోకస్ రింగు, ఆ చివర ఎపర్చర్ రింగు, అంటే వెలుతురు దూరే రంధ్రాన్ని పెంచేది, తగ్గించేది. అంటే మూడు రింగులూ ఒకే గొట్టం మీద, మూడూ ఎడమచేతికే. కుడిచేతికి పట్టుకోవడం, నొక్కడం, బొటనవేలితో లీవరు లాగి ఫిల్ము జరపడం తప్ప వేరే పని లేదు.

నా ఎడమచెయ్యి చూడండి. కెమెరా అడుగు అరచేతిలో ఉంది. బొటనవేలు, చూపుడువేలు రింగు మీద ఉన్నాయి. వేళ్ళు వెనక్కి లాక్కుంటే స్పీడు, ముందుకి చాపితే ఎపర్చర్. ప్రతి మెట్టుకీ ఒక క్లిక్. ఇప్పుడు కళ్ళు మూసుకుంటాను. స్పీడు 125 మీద, అంటే సెకనులో 125వ వంతు మీద ఉంది. క్లిక్, 250. క్లిక్, 500. ఈ కెమెరా వ్యూఫైండర్‌లో షట్టర్ స్పీడ్ కనపడదు. ఓ పక్కన వెలుతురుని కొలిచే మీటరు ముల్లు పైకీ కిందకీ ఊగుతుంది, అంతే. కొత్తలో నాకు అదొక లోపం అనిపించింది. పదిహేను రోజులు వాడాక అంకె చూడాల్సిన అవసరమే రాలేదు, వేళ్ళే లెక్క ఉంచుకుంటున్నాయి. హార్మోనియం వాయించేవాళ్ళు మెట్ల వైపు చూడరు కదా, అలాగన్నమాట.

కొన్ని లైకా లెన్సుల కింద ఫోకస్ కోసం చిన్న కొక్కెం లాంటిది ఉంటుంది. అది వేలికి ఏ పక్కన తగులుతోందో దాన్నిబట్టి ఫోకస్ దూరం తెలిసిపోతుంది, కెమెరా ఇంకా నడుము దగ్గరే ఉండగా. 35 ఎమ్ఎమ్ లెన్స్ ఎపర్చర్‌ని ఎఫ్ 8లో పెట్టి అయిదు మీటర్ల దగ్గర ఫోకస్ చేసి వదిలేస్తే దాదాపు రెండున్నర మీటర్ల నుంచి ఆకాశం దాకా పనికొచ్చేంత స్పష్టంగా ఉంటుంది. ఇక ఫోకస్ మాట మరిచిపోయి వీధిలో నడవచ్చు. నేటి చాలా ఆటోఫోకస్ లెన్సుల్లో రింగు ఊరికే గిరగిరా తిరుగుతుంది, మొదలూ తుదీ ఉండవు. మనం తిప్పేది లోపలి మోటారుకి ఒక కబురు మాత్రమే. చేతికి దూరం తెలిసే దారి పోయింది.

మధ్యలో ఉన్నది రోలీఫ్లెక్స్. ఈ రకం 1929 నుంచి ఉంది. పైన ఒక లెన్స్ చూడటానికి, కింద ఒక లెన్స్ తీయడానికి. దీన్ని కంటికి ఆనించుకోరు. మెడలో వేసుకుని, పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి పైనుంచి గాజులోకి చూడాలి. కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. మనిషి కుడివైపు నడుస్తుంటే గాజులో ఎడమవైపు పోతుంటాడు, మనం కెమెరాని ఏ పక్కకి తిప్పితే బొమ్మ ఆ పక్కకే పారిపోతుంది. మొదటిరోజు తల తిరుగుతుంది. స్పీడు, ఎపర్చర్ అంకెలు మాత్రం పై లెన్స్ నెత్తిన చిన్న కిటికీలో, వంచిన తలకి కనపడేలా రాసి ఉంటాయి. ఎవరో బాగా ఆలోచించి పెట్టారు.

దీంతో మనుషుల ఫోటోలు తీస్తే ఒక తేడా వెంటనే తెలుస్తుంది. కంటి దగ్గర పెట్టుకునే కెమెరా మన ముఖాన్ని కప్పేస్తుంది, ఎదుటివాళ్ళకి ఒక నల్లటి యంత్రం తమని గురిచూస్తున్నట్టు ఉంటుంది. రోలీఫ్లెక్స్ పట్టుకున్నవాడు తల దించుకుని నిలబడతాడు. చూసేవాళ్ళకి నమస్కారం పెడుతున్నట్టో, పాపం ఏదో పోగొట్టుకుని వెతుకుతున్నట్టో ఉంటుంది. ఎవరూ భయపడరు. పైగా ఫోటో పొట్ట ఎత్తు నుంచి వస్తుంది, కాబట్టి పెద్దవాళ్ళు కాస్త ఠీవిగా, పిల్లలు తమ కంటి ఎత్తులోనే కనిపిస్తారు. వివియన్ మేయర్ తీసిన వీధి ఫోటోల్లో జనం కొంచెం పైనుంచి మన వైపు చూస్తున్నట్టుంటారు. ఆవిడ ఎక్కువగా వాడింది ఈ రకం కెమెరానే. ఆ చూపులో సగం వాటా కెమెరా పట్టుకునే పద్ధతిదే అంటాను నేను. కొట్టిపారేసేవాళ్ళు ఉంటారు, ఉండనివ్వండి.

వ్యూఫైండర్ పూర్తిగా తీసేస్తే ఏమవుతుంది? అదీ జరిగింది. 1969లో అపోలో 11 వాళ్ళు చంద్రుడి మీద వాడిన హాసెల్‌బ్లాడ్ కెమెరాని ఛాతీకి బిగించుకున్నారు. హెల్మెట్‌తో వ్యూఫైండర్‌లోకి చూడటం కుదరదు. లావుపాటి గ్లవ్స్‌తో చిన్న మీటలు తిప్పలేరు కాబట్టి పెద్దవి పెట్టారు. గురి చూడాలంటే ఒళ్ళంతా అటు తిప్పడమే, ముందే భూమ్మీద సాధన చేశారు. ఆల్డ్రిన్ హెల్మెట్ అద్దంలో ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపించే ఫోటో మీరంతా చూసే ఉంటారు. అసలు ఫ్రేములో ఆల్డ్రిన్ తల దాదాపు పై అంచుకి తగిలి ఉంటుంది, వీపు మీది యాంటెనా తెగిపోయింది. ప్రచురించేటప్పుడు పైన నల్లటి ఆకాశం కలిపారు. కన్ను అడ్డు లేకుండా ఉంది, చేతులకి తంటా లేదు, పైన రెండంగుళాలు మాత్రం పోయింది.

డయల్స్ ఎక్కడికి పోయాయో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1985లో మినోల్టా 7000 ఆటోఫోకస్‌తో వచ్చింది, డయల్స్ పోయి బటన్లు వచ్చాయి. స్పీడు పెంచాలన్నా తగ్గించాలన్నా టిక్ టిక్‌మని నొక్కుతూ ఉండాలి. మరుసటేడాది కెనాన్ టీ90లో షట్టర్ బటన్ వెనకే చూపుడువేలికి ఒక చక్రం పెట్టారు, 1989లో ఈఓఎస్-1కి వెనక బొటనవేలికి ఇంకోటి చేర్చారు. ఈనాటి కెమెరాలు చాలావరకు ఆ రెండు చక్రాల మీదే నడుస్తున్నాయి.

చక్రం మంచిదే. పాత డయల్‌ని నేను దేవుడి పటంలా చూడను. 60 నుంచి 2000కి వెళ్ళాలంటే అయిదు క్లిక్కులు. నడిచే మనిషిని తీస్తుండగా హఠాత్తుగా పక్షి లేస్తే ఆ అయిదు క్లిక్కుల్లో అది చెట్టు దాటిపోతుంది. ఇప్పటి కెమెరాలో ముందే సేవ్ చేసుకున్న సెట్టింగ్స్ మొత్తం ఒక్క మలుపుతో వచ్చేస్తాయి. నా గొడవ వేరే. చక్రం మీద అంకెలుండవు. ఇప్పుడు ఎక్కడుందో వేలికి తెలియదు, స్క్రీన్ చూడాలి. కెమెరా ఆఫ్‌లో ఉంటే అదీ తెలియదు. 2018లో కెనాన్ ఈఓఎస్ ఆర్ వెనక వేలితో రుద్దే పట్టీ పెట్టారు. ఎత్తుపల్లాలు లేని నున్నటి పట్టీ. వేలు దాన్ని వెతుక్కోవాలి, ఒక్కోసారి అనుకోకుండా తగిలి ఏదో మారిపోయేది. చాలామందికి నచ్చలేదు. 2020లో వచ్చిన ఆర్5లో అది లేదు.

షట్టర్ బటన్ సగం నొక్కడం గురించి కొత్తవాళ్ళకి ఎవరూ సరిగా చెప్పరు. సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫోటో. ఆ సగం ఎక్కడన్నది ప్రతి కెమెరాకీ వేరు. కొన్నింటిలో స్పష్టమైన మెట్టు తగులుతుంది. కొన్నింటిలో వెన్నలో వేలు పెట్టినట్టు ఉంటుంది, సగం అనుకుంటుండగానే ఫోటో పడిపోతుంది. అందుకే చాలామంది ఫోకస్‌ని వెనకున్న బటన్‌కి మార్చి బొటనవేలికి అప్పగిస్తారు. నేనూ అదే చేశాను. మొదటి వారం నరకం. సగం ఫోటోలకి ఫోకస్ చేయడమే మరిచిపోయాను. ఆ తర్వాత నుంచి నొక్కడమంటే నొక్కడమే.

చప్పుడు కూడా కెమెరాలో భాగమేనని నాకు సైలెంట్ షట్టర్ వాడాకే తెలిసింది. ఒక పెద్దాయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి తీస్తున్నాను. ఆయన బిగుసుకుని కూర్చున్నారు. ఇరవై ఫోటోలు తీశాక కూడా అలాగే ఉన్నారు. "ఇంకా మొదలెట్టలేదా బాబూ?" అని అడిగారు. అప్పుడు వెలిగింది నాకు. క్లిక్‌మన్న చప్పుడు వింటే మనుషులు ఊపిరి వదులుతారు, భుజాలు దిగుతాయి, హమ్మయ్య అనుకుంటారు. మంచి పోర్ట్రెయిట్ ఆ హమ్మయ్యలోనే దొరుకుతుంది. నేను ఆయనకి ఆ అవకాశమే ఇవ్వలేదు. చప్పుడు ఆన్ చేశాను. రెండో క్లిక్‌కి ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

ఫోన్ సంగతి మీకు తెలిసిందే. నున్నటి పలక, చాచిన చేతులు, గాజుని తాకే బొటనవేలు. పోగొట్టుకునే క్షణాలు ఫోన్లో తక్కువ, ఎందుకంటే చాలా ఫోన్లు మనం నొక్కకముందు నుంచే ఫ్రేములు పట్టి ఉంచుతాయి. ఆ పాప దూకిన క్షణం ఫోన్లో అయితే దొరికేది, ఒప్పుకుంటాను. సరిగ్గా అప్పుడే పైనుంచి ఎవరి మెసేజో దిగకుండా ఉంటే.

చివరి కెమెరాని వదిలేయలేదు, ఇంకా వాడుతున్నాను. సెల్ఫ్ టైమర్‌ని ఆ బటన్ మీద నుంచి తీసేశాను. మెనూలో ఒక సాయంత్రమంతా కూర్చుని, నాకు అక్కర్లేని బటన్లన్నీ పనిచేయకుండా చేశాను. తీసిన వెంటనే ఫోటో చూపించడం ఆపేశాను. ఇప్పుడు దానికి నాలుగు పనులే వచ్చు, ఆ నాలుగూ నా వేళ్ళకి తెలుసు.

ఇక వచ్చి మూడూ చేతిలోకి తీసుకుని చూడండి. ఓఎమ్-1లో ఫిల్ము లేదు, కళ్ళు మూసుకుని ఎంతసేపైనా తిప్పుకోండి. రోలీఫ్లెక్స్‌లో మాత్రం రీలుంది. పన్నెండులో నాలుగు మిగిలాయి. దాని పిడి ముందుకి ఆగేదాకా, మళ్ళీ వెనక్కి ఆగేదాకా తిప్పాలి. ముందు ఎవరొస్తారు? మీరా అమ్మా? రండి. తల ఇంకొంచెం వంచండి... అదిగో, ఆయన కుడివైపు జరుగుతున్నారు, మీరు ఎడమకి తిప్పుతున్నారు.