మనిషిని పట్టుకెళ్లి "మా దగ్గర లేడు" అంటే: ముందు టైము రాయండి

నమస్కారం. విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. ఒక మనిషిని పట్టుకెళ్లారు, స్టేషన్‌కి వెళ్లి అడిగితే "మా దగ్గర లేడు" అన్నారు. అప్పుడు ఇంట్లోవాళ్లు, నిజనిర్ధారణకు వెళ్లే మనలాంటివాళ్లు ఏం రాసిపెట్టాలో చూపిస్తాను.

ఆటోనగర్‌లో షెడ్డు దగ్గర మఫ్టీలో వచ్చిన నలుగురు ఒక మెకానిక్‌ని కారెక్కించుకుపోయారనుకోండి. ఇదిగో, ఈ నోట్‌బుక్ చూడండి. పైన మొట్టమొదట టైము రాశాను. రాజ్యాంగం 22వ అధికరణ ప్రకారం అరెస్టయిన మనిషిని, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. ఆ గంటలు ఎప్పుడు మొదలయ్యాయో మన దగ్గర లేకపోతే, నాలుగు రోజులు పోయాక పోలీసులు "నిన్న సాయంత్రమే అరెస్టు చేశాం" అని రాసుకోవచ్చు. మనిషికి ఏ ఘోరం జరిగినా లెక్కలోకి రాని ఆ రోజుల్లోనే జరుగుతుంది.

"ఎన్నింటికమ్మా?" అని అడిగితే కన్నతల్లి చెప్పలేదు. అంత టెన్షన్‌లో గడియారం ఎవరు చూస్తారు? ఒకసారి గుంటూరులో ఒకావిడ "తొమ్మిదో, పదో" అంటోంది. పక్కింటామె అందుకుని, "కుళాయి అప్పుడే ఆగిపోయింది కదా వదినా, నీ బిందె సగమే నిండింది" అంది. నీళ్లు ఎన్నింటికి ఆపుతారో వీధంతా తెలుసు. టైము దొరికింది. అందుకే పొయ్యి మీద ఏముంది, టీవీలో ఏం వస్తోంది, పిల్లలు బడికి వెళ్లారా అని అడగండి.

"వచ్చింది పోలీసులే కదా?" అని మాత్రం అడగొద్దు. మొదట్లో నేనూ అలాగే అడిగేవాణ్ని. అప్పుడు వాళ్లు చూసింది కాకుండా మనం అన్నదే చెప్తారు. "ఏం చూశారు?" అనండి. చూసింది ఒక పేజీలో, విన్నది ఇంకో పేజీలో రాసి, చదివి వినిపించాకే సంతకం తీసుకోండి.

ఎదురు కొట్టులో సీసీ కెమెరా ఉంటే ఆ రోజే కాపీ అడగండి. పాత రికార్డింగ్ మీద కొత్తది పడిపోతుంది. స్టేషన్ కెమెరాల రికార్డింగ్ 18 నెలలు ఉంచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని చెరపకుండా దాచమని కాగితం మీద రాసి ఇవ్వండి.

ఆ వెంటనే పోలీస్ కమిషనర్‌కి, జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి ఈమెయిల్ పెట్టండి. 2013లో టెలిగ్రాం ఆగిపోయేదాకా ఇలాంటప్పుడు టెలిగ్రాం కొట్టేవాళ్లు, దాని మీద టైము ఉంటుంది కాబట్టి.

బలవంతపు అదృశ్యాలపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద మన దేశం 2007లో సంతకం చేసింది, ఇంతవరకు ఆమోదించలేదు. ఇది మనకు బాధాకరం. కాబట్టి గట్టి దారి హెబియస్ కార్పస్ ఒక్కటే, అంటే మనిషిని తెచ్చి కోర్టు ముందు నిలబెట్టమని ఆదేశించాలంటూ వేసే పిటిషన్. నేలపాడులోని మన హైకోర్టులో భార్య, అన్న, స్నేహితుడు, ఎవరైనా వేయవచ్చు. కేరళలో 1976లో పోలీసులు తీసుకెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థి రాజన్ కోసం తండ్రి ఈచర వారియర్ వేసింది ఇదే. ప్రభుత్వం అసలు పట్టుకోలేదంది. రాజన్‌ని పోలీసు క్యాంపులో చూసినవాళ్ల మాటనే కోర్టు నమ్మింది. ఆ తండ్రికి కొడుకు శవం కూడా దక్కలేదు.

మనవాడిని మేజిస్ట్రేట్ ముందుకు తెస్తే, రిమాండ్ రిపోర్టులో, అంటే కస్టడీ కోరుతూ పోలీసులు మేజిస్ట్రేట్‌కి ఇచ్చే కాగితంలో, అరెస్టు టైము వెతికి, పక్కనే మీ నోట్‌బుక్ తెరిచి లాయర్‌కి చూపించండి.