జీపీఎస్ డబ్బాలో ఉబ్బే బ్యాటరీ

అందరికీ నమస్కారం. పొద్దున్నుంచీ కొండకు ట్రిప్పులు వేసి అలసిపోయారు, ఎక్కువసేపు కూర్చోబెట్టను.

ఇందాక లోపలికొస్తూ ఒకాయన అడిగారు: "సార్, డ్యాష్‌బోర్డు కింద జీపీఎస్ పెట్టించినప్పట్నుంచీ తలనొప్పి. రేడియేషనేనా?" ఘాట్ మలుపుల్ని, నిద్రలేమిని వదిలేసి ఆ డబ్బానే పట్టుకున్నారు! జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల పైన ఉంటాయి. డబ్బా వాటి మాట వింటుంది, బదులు చెప్పదు. బండి ఎక్కడుందో ఓనరుకు పంపేది లోపలున్న సిమ్. మీ చొక్కా జేబులోని ఫోను చేసే పనీ అదే, పైగా అది ఒంటికి ఆనుకునే ఉంటుంది. ఫోను తరంగాల్లోంచి ఒళ్లు పీల్చుకునే శక్తికి మన దేశంలో పరిమితి కిలో కణజాలానికి 1.6 వాట్లు. దూరం రెట్టింపైతే తరంగాల తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే ఇలాంటి వాటిని ఒంటికి 20 సెంటీమీటర్ల దూరంలో, అంటే దాదాపు జానెడు దూరంలో బిగించమంటారు. అద్దం మీది ఫాస్టాగ్‌లోనైతే బ్యాటరీయే ఉండదు.

నా టెన్షనంతా బ్యాటరీ గురించే. వైరు కోసేసినా డబ్బా సమాచారం పంపాలని లోపల ఒక లిథియం బ్యాటరీ పెడతారు. మన తిరుపతి మే నెల ఎండలో, అద్దాలు మూసిన బండిలో అది ఏళ్లకేళ్లు ఉడుకుతుంది. పాతబడితే ఉబ్బుతుంది. నేనూ ఒక పాత డబ్బాను ఏడాదిపాటు సొరుగులో మరిచిపోయాను. మా ఆవిడ తీసి చూస్తే మూత పైకి లేచి ఉంది! దాన్ని చెత్తబండిలో వేస్తే నలిగి, లోపల షార్టై అంటుకోవచ్చు. పాత సామాన్లవాళ్లకు ఇస్తే రాగి కోసం వైర్లు కాల్చే చోటికి చేరొచ్చు.

తాళాలగుత్తికి తగిలించే ట్యాగులో ఉండేది బిళ్ల బ్యాటరీ. దాని మీద 2032 అని ఉంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం అని. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. వాంతి చేయించొద్దు, నేరుగా ఆసుపత్రికి పరుగెత్తండి.

డబ్బా మార్చేటప్పుడు ముందు సిమ్ ఆపించండి, యాప్‌లోంచి బండిని తీసేయండి. లేకపోతే మీ ఇల్లెక్కడో, ఎప్పుడెక్కడికి వెళ్లారో అందులోనే ఉండిపోతుంది. బ్యాటరీ విడిగా వస్తే కొసలకు టేపు వేసి, అమ్మిన కంపెనీకో, రిజిస్టరైన ఈ-వేస్ట్ రీసైక్లర్‌కో ఇవ్వండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులదే. మొహమాటపడకుండా అడగండి.

బయట ఎండలో ఉన్న బండ్లు మీవేగా? ఒకసారి వెళ్లి డ్యాష్‌బోర్డు కింద చూసి రండి. మూత లేచి ఉంటే పీకొద్దు, పొడవొద్దు, నన్ను పిలవండి. ప్రశ్నలు తర్వాత.