పనికి కొదవ లేదు, మరి డెలివరీ ఎందుకు లేటు?

[దృశ్యం: బాలానగర్‌లో ఒక మెషిన్ షాప్. వీఎంసీ (కంప్యూటర్ చెప్పినట్టు లోహాన్ని కోసే మెషిన్) పక్కన ట్రేల నిండా సగం అయిన జాబ్‌లు, అంటే తయారవుతున్న విడిభాగాలు.]

బాలానగర్‌లో గానీ జీడిమెట్లలో గానీ షెడ్ ఓనర్‌ని కదిపితే వచ్చే మాట: "పని మస్తుగుంది అన్నా, డెలివరీనే లేటైతుంది." మెషిన్లన్నీ తిరుగుతూనే ఉంటాయి. సరుకు మాత్రం గేటు దాటదు. లెక్కేసి చూద్దాం.

[స్క్రీన్ మీద: కటింగ్ 30 – లేత్ 20 – వీఎంసీ 8 – గ్రైండింగ్ 15]

మెషిన్ తిరుగుతున్నప్పుడు గంటకి ఎన్ని జాబ్‌లో, ఉదాహరణకి వేసుకున్న అంకెలివి. షెడ్ నుంచి బయటికెళ్లేవి ఎంత లాగినా గంటకి ఎనిమిదే. ఇప్పుడు లేత్ దగ్గర లీన్ పద్ధతులు, అంటే వృథాని తగ్గించే పద్ధతులు పెట్టి 20ని 25 చేశారనుకోండి. బయటికెళ్లేవి మళ్లీ ఎనిమిదే! వీఎంసీ ముందు గంటకి 12 పోగయ్యేది కాస్తా 17 అవుతుంది. ట్రైనింగ్ అయింది, 5ఎస్ (పనిచోటు సర్ది శుభ్రంగా ఉంచే పద్ధతి) బోర్డు పెట్టి ఫొటోలు కూడా దిగారు. డబ్బు పోయి ఆ గుట్టలో కూర్చుంది.

భౌతికశాస్త్రం చదివిన ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో ఒక నవల రాసి మరీ ఈ సంగతి చెప్పాడు: ముందు బాటిల్‌నెక్, అంటే మొత్తం పనిని ఆపుతున్న ఇరుకు చోటు, ఎక్కడుందో పట్టుకో. టయోటాలో తాయిచి ఓనో పెంచిన పద్ధతి నుంచి వచ్చిన లీన్ ఏమో వృథాని తీసెయ్యమంటుంది. ఈ రెంటిలో ఏది గొప్ప అన్న వాదన నాకైతే దండగనిపిస్తుంది. చోటు గోల్డ్‌రాట్ చూపిస్తాడు, పనిముట్లు లీన్ ఇస్తుంది.

[క్లోజప్: వీఎంసీ ఆగి ఉంది. ఆపరేటర్ టూల్ వెతుకుతున్నాడు.]

సెట్టింగ్ మార్చడానికి 90 నిమిషాలు, రోజుకి మూడుసార్లు అనుకుందాం. నాలుగున్నర గంటలు స్పిండిల్ (టూల్‌ని తిప్పే భాగం) ఆగినట్టే, 36 జాబ్‌లు పోయినట్టే. ఆ తొంభై నిమిషాలూ ఆపరేటర్ వెనకాలే తిరిగి చూడండి. టూల్ హోల్డర్ కోసం స్టోర్‌కి పోతాడు, ఇన్సర్ట్ (టూల్ కొనకి బిగించే కోసే ముక్క) డబ్బా వెతుకుతాడు, డ్రాయింగ్ కోసం ఆఫీసు మెట్లెక్కుతాడు. వీటిలో ఏ ఒక్కదానికీ మెషిన్ ఆపక్కర్లేదు. ముందు జాబ్ నడుస్తుండగానే అన్నీ ట్రాలీలో సర్ది పెట్టుకోవచ్చు. వైస్ బిగించడం, జీరో తీసుకోవడం (కొలతలు ఎక్కణ్నుంచి మొదలో మెషిన్‌కి చూపడం) లాంటివే మెషిన్ ఆగాక మిగిలే పనులు. జపాన్ ఇంజినీర్ షిగెయో షింగో నేర్పిన కిటుకు ఇది. 90ని 30కి దించితే రోజుకి 24 జాబ్‌లు ఎక్కువ వస్తాయి, కొత్త మెషిన్‌కి ఈఎంఐ కట్టకుండానే.

అన్నట్టు, లేత్‌లో సైజు తప్పిన జాబ్‌ని వీఎంసీ ఎక్కించకముందే మైక్రోమీటర్‌తో పట్టేయండి. వీఎంసీ ఆపరేటర్ భోజనానికి వెళ్తే ఇంకొకరు నిలబడాలి.

ఓనర్లకి అస్సలు మింగుడుపడనిది ఒకటుంది: లేత్‌ని అప్పుడప్పుడు ఖాళీగా ఉంచడం. "ఊకెనే కూసోబెట్టి జీతమియ్యాల్నా?" అంటారు. వీఎంసీ ముందు 400 జాబ్‌లు ఉన్నాయంటే, ఇప్పుడొచ్చిన దాని వంతు 50 గంటల తర్వాత. 32 ఉంటే నాలుగు గంటలకే. కాబట్టి వీఎంసీ ఎంత తింటే అంతే మెటీరియల్ కటింగ్‌కి వదలాలి. అలాగని గుట్టని సున్నా చెయ్యకండి. లేత్ గంటసేపు మొరాయించినా వీఎంసీ ఆకలితో ఆగకూడదు, ఆ 32 అందుకే.

వీఎంసీ గంటకి 15 దాటిందంటే బాటిల్‌నెక్ గ్రైండింగ్‌కి మారుతుంది, ట్రాలీ కూడా అక్కడికే మారాలి. గ్రైండింగ్ కూడా తేరుకున్నాక ఆర్డర్లే చాలకపోతే షెడ్‌లో వెతకడం ఆపి, కొత్త కస్టమర్లకి కొటేషన్లు పంపండి.