డెంటల్‌లో ఫార్మకాలజీ (మందుల సబ్జెక్టు) ఎందుకు అనుకునేవాళ్ళకి, నా వైవా కథతో

హాయ్ అందరికీ. మొన్న ఒక జూనియర్ ఫోన్ చేసి, అన్నా మనం చూసేది పళ్ళు కదా, మనకెందుకన్నా ఈ గుండె మందులు, ఫిట్స్ మందులు, షుగర్ మందులు, బుక్ తెరిస్తేనే నిద్రొస్తోంది అన్నాడు. నవ్వేశా గానీ నిజం చెప్పాలంటే సెకండియర్‌లో నేనూ అచ్చం ఇదే మాట అన్నా, వైవాలో, అంటే నోటి పరీక్షలో, తిక్క కుదిరింది.

ఏమైందంటే, సార్ టేబుల్ మీదున్న లిగ్నోకెయిన్ (పన్ను దగ్గర మొద్దుబారేలా చేసే మందు) వయల్ తీసి నా ముందు పెట్టారు. నేను రెచ్చిపోయా. ఎమైడ్ గ్రూపు సార్, నర్వ్‌లో సోడియం చానెల్స్ బ్లాక్ చేస్తుంది సార్, లివర్‌లో మెటబాలిజం సార్ అని గడగడా అప్పజెప్పేశా. ఆయన మొత్తం ఓపిగ్గా విని, సరే బాబూ, పేషెంట్ బరువు 50 కేజీలు, ఇది ఎన్ని ఎంఎల్ దాకా ఇవ్వొచ్చు అన్నారు. అంతే, నోరు ఎండిపోయింది. వయల్ మీద 2 పర్సెంట్ అని అంత పెద్దగా రాసుంది, దాంట్లోంచి లెక్క ఎలా లాగాలో నాకు తెలీదు!

ఇప్పుడు చెప్తా, పెన్ను తీస్కోండి. 2 పర్సెంట్ అంటే 100 ఎంఎల్‌లో 2 గ్రాములు, అంటే ఒక్క ఎంఎల్‌లో 20 ఎంజీ. అడ్రినలిన్ (రక్తనాళాల్ని బిగించేది) కలిపినదైతే కేజీకి 7 ఎంజీ దాకా, మొత్తం మీద 500 దాటకుండా. 50 కేజీల మనిషికి 350 ఎంజీ, 20తో భాగిస్తే పదిహేడున్నర ఎంఎల్. అబ్బో అంత ఎవడిస్తాడు, పెద్దాళ్ళకి భయమే లేదు అనుకుంటాం కదా, ఇక్కడే తిరకాసు. అడ్రినలిన్ లేని సాదా లిగ్నోకెయిన్‌కి లిమిట్ కేజీకి 4.4 మాత్రమే. 15 కేజీల పిల్లాడు ఉన్నాడనుకోండి, 66 ఎంజీ. 1.8 ఎంఎల్ కార్ట్రిడ్జ్ (సిరంజిలో పెట్టే మందు గొట్టం) ఒక్కోదాంట్లో 36 ఎంజీ ఉంటుంది, అంటే పూర్తిగా రెండు కూడా పట్టవు. పిల్లాడు ఏడుస్తున్నాడని ఇంకోటి, ఇంకోటి అని పొడుస్తూ పోతే ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. ఈ లెక్క చేతిలో ఉంటే డోస్ టేబుల్ బట్టీ కొట్టక్కర్లేదు.

ఇంకోటి, నాకు చాలా ఇష్టమైన టాపిక్, అందుకే కాస్త ఎక్కువ మాట్లాడతా ఏమనుకోకండి. చీము పట్టిన పన్ను విపరీతంగా నొప్పి, రాత్రంతా నిద్రలేదు, దాని పక్కనే ఇంజెక్షన్ ఇచ్చారు, అయినా డ్రిల్ పెట్టగానే పేషెంట్ ఎగిరి పడతాడు. ఎందుకు? దీనికి కారణాలు చాలా ఉన్నాయి గానీ ఒకటి మాత్రం ఫస్ట్ చాప్టర్‌లోనే ఉంది, మనం బోర్ అని తిప్పేసిన అయనైజేషన్ (మందుకి చార్జ్ రావడం) పేజీలో. నర్వ్ పొర దాటాలంటే మందు చార్జ్ లేకుండా ఉండాలి. లిగ్నోకెయిన్ పీకేఏ (మందులో సగానికి చార్జ్ ఉండే పీహెచ్) 7.9, మామూలు కండలో పీహెచ్ 7.4, అక్కడ చార్జ్ లేని భాగం ఇంచుమించు 24 పర్సెంట్. ఇన్ఫెక్షన్‌తో ఆమ్లం పెరిగి పీహెచ్ 6.4కి పడిపోయిందనుకోండి, అదే మందు 3 పర్సెంట్‌కి దిగిపోతుంది. చీము పట్టిన చోట ఇంజెక్షన్ ఎందుకు పనిచేయదో దీన్నిబట్టే అర్థమవుతుంది, అందుకే కాస్త దూరంగా, ఇన్ఫెక్షన్ లేని చోట నర్వ్‌ని పట్టుకునే ఇంజెక్షన్‌కి, అంటే బ్లాక్‌కి పోతాం. ఒక్క లెక్క, మొత్తం క్లినిక్ అర్థమైపోతుంది. నాకైతే ఆ రోజు పిచ్చ కిక్కు.

ఇక గుండె మందులు ఎందుకు అన్నాడు కదా మనవాడు. ప్రొప్రనొలాల్ (బీటా బ్లాకర్ అనే గుండె మందు) వేస్కునే పేషెంట్‌కి అడ్రినలిన్ ఉన్న ఇంజెక్షన్ ఎక్కువిస్తే బీపీ ఒక్కసారిగా పెరిగి గుండె నెమ్మదించొచ్చు, ఎందుకంటే అడ్రినలిన్ పనిచేసే రెండు రకాల రిసెప్టర్లలో, రక్తనాళాల్ని వదులు చేసే బీటా బ్లాక్ అయ్యాక, వాటిని బిగించే ఆల్ఫాని ఆపేవాడు లేడు. ఫిట్స్‌కి ఫెనిటాయిన్, బీపీకి నిఫెడిపిన్, కిడ్నీ మార్చినవాళ్ళకి సైక్లోస్పోరిన్, ఈ మూడూ చిగుళ్ళు ఉబ్బేలా చేస్తాయి, పైగా ఆ చిగుళ్ళు చూడాల్సింది మనమే. ఎముకల మందు బిస్ఫాస్ఫొనేట్ వాడేవాళ్ళకి పన్ను పీకితే దవడ ఎముక మానకుండా బయటపడే ప్రమాదం ఉంది. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో పళ్ళకి వచ్చే మచ్చలు మీకు ఎలాగూ తెలుసు, వదిలేద్దాం.

నా పద్ధతి ఏంటంటే, మందుల పేర్లు వరసగా రాసుకోను. ఒక్కో మందు పక్కన ఒక పేషెంట్‌ని కూర్చోబెడతా. వయసెంత, ఏ జబ్బు, నేను ఏం చేయబోతున్నా, ఏం రాస్తే కొంప మునుగుతుంది, ఇంతే. కార్డులు చేస్కుని రంగురంగుల పెన్నులతో గీసేవాళ్ళని ఏమీ అనను గానీ నాకు మాత్రం అవి రెండో రోజుకే మర్చిపోయేవి. అన్నట్టు, పల్ప్ (పన్ను లోపలి మెత్తటి భాగం) వాచి నొప్పొస్తుంటే యాంటీబయాటిక్ రాయడం అనే అలవాటు ఇప్పుడే మానేయండి, దానికి ట్రీట్‌మెంట్ పన్ను తెరవడమే, ట్యాబ్లెట్ కాదు.

లాస్ట్‌గా ఒక సీన్. పోస్టింగ్స్‌లో ఒక పెద్దాయన వచ్చారు, పన్ను తీయాలి, చీము ఉంది. బాబాయ్ మందులేమైనా వాడతారా అన్నా. ఏం లేదు నాయనా అన్నారు. షుగరా, బీపీయా? లేవు. నేను మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రాయబోతూ, ఎందుకో మళ్ళీ, రోజూ పొద్దున్నో సాయంత్రమో ఏదైనా మాత్ర మింగుతారా అని అడిగా. ఓ అదా, గుండెకి వాల్వ్ వేశారు, అప్పట్నుంచి రక్తం పల్చబడేది ఒకటి వేస్కుంటున్నా, అది మందేం కాదులే రోజూ వేస్కునేదే కదా అన్నారు. వార్ఫరిన్! మెట్రోనిడజోల్ దాన్ని ఒంట్లోంచి పోనీయదు, రక్తం ఇంకా పల్చబడుతుంది. పెన్ను కింద పెట్టేసి సీనియర్ దగ్గరికి పరిగెత్తా.